పేషెంటు వాళ్లు "ఈ నర్సు వద్దు" అంటే మార్చేయాల్సిందేనా?

నైట్‌డ్యూటీ_సిస్టర్

విశాఖలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వార్డు ఇన్‌ఛార్జిని. పేరు చెప్పను, అడగొద్దు. ఈమధ్య మా ఫ్లోర్‌లో తుంటి ఎముక ఆపరేషన్ అయిన ఒక పెద్దాయన చేరారు. రాత్రి డ్యూటీకి మణిపూర్ నుంచి వచ్చిన స్టాఫ్ నర్సును వేశాను. మా అందరిలోకీ చెయ్యి తేలిక ఆ అమ్మాయిదే. నరం దొరకని ముసలివాళ్లకు క్యాన్యులా పెట్టాలంటే పక్క వార్డువాళ్లు కూడా ఆమెనే పిలుస్తారు. తెలుగు కూడా వచ్చు, "నొప్పిగా ఉందా తాతగారూ" అని అడిగి మరీ సూది వేస్తుంది.

పెద్దాయన ఏమీ అనలేదు. కొడుకు కౌంటర్ దగ్గరికొచ్చి, "ఆ చైనా అమ్మాయిని మా నాన్న దగ్గరికి పంపకండి, మనమ్మాయిని ఎవరినైనా పెట్టండి" అన్నాడు. పని బాగాలేదా అని అడిగాను. "పని సంగతి కాదండీ, మాకిష్టం లేదు" అన్నాడు. ఆ అమ్మాయి అక్కడే నిలబడి మందుల ట్రేలో లేబుళ్లు సరిచూసుకుంటోంది. తల ఎత్తలేదు గానీ చేతిలో ఉన్న స్ట్రిప్‌ని అలాగే పట్టుకుని ఉండిపోయింది.

కుదరదన్నాను. కాసేపటికే పైనుంచి ఫోను. "ఎందుకమ్మా గొడవ, స్పెషల్ రూమ్ పేషెంటు, అడ్జస్ట్ చెయ్యి." ఆమెను వేరే ఫ్లోర్‌కి మార్చారు. రోస్టర్‌లో కారణం దగ్గర "పేషెంటు కోరిక" అని రాయమన్నారు. నేనింకా రాయలేదు.

ఇది నిజంగా పేషెంటు హక్కేనా? మరి ఆ అమ్మాయి సంగతేంటి?

గాజువాక_గిరి

రోజుకు వేలకు వేలు రూమ్ అద్దె కట్టేవాళ్లు ఆ మాత్రం అడగకూడదా? నచ్చిన డాక్టరు దగ్గరికి వెళ్తాం, నచ్చిన ఆసుపత్రిలో చేరతాం. నర్సు దగ్గరికొచ్చేసరికి వివక్ష అయిపోతుందా? జబ్బు మనిషికి మనశ్శాంతి కావాలి. ఇంకో ఫ్లోర్‌లో డ్యూటీ ఇచ్చారు, జీతం కొయ్యలేదు కదా.

భీమిలి_రోడ్డు

గిరి గారూ, అడిగింది జబ్బు మనిషి కాదు, కొడుకు. పోస్టు ఇంకోసారి చదవండి.

మురళీనగర్_మాధవి

నాకు నిజంగానే ఒక సందేహం. మా అమ్మకు కిందటేడు యూరిన్ పైపు వెయ్యాల్సొచ్చింది. మగ నర్సు వచ్చాడు. అమ్మ దుప్పటిని రెండు చేతులతో బిగించి పట్టుకుని కళ్లు మూసేసుకుంది, నోట మాట లేదు. నేను బయటికెళ్లి లేడీ నర్సును పంపమని గట్టిగా అడిగాను, పంపారు. ఆ కుర్రాడు మర్యాదగా తప్పుకున్నాడు. ఇదీ వివక్షేనా?

డాబాగార్డెన్స్_బాబు

కాదండీ. దానికీ దీనికీ పోలికే లేదు.

గాజువాక_గిరి

ఎందుకు లేదు బాబు గారూ? అక్కడా మనిషిని చూసే వద్దన్నారు, ఇక్కడా మనిషిని చూసే వద్దన్నారు. మీకు సబబనిపిస్తే హక్కు, లేకపోతే వివక్షా?

మత్తు_డాక్టరు

గిరి గారి ప్రశ్నను తీసిపారెయ్యకండి. థియేటర్లో పని నాది, రోజూ ఏదో ఒక "వద్దు" వింటూనే ఉంటాను. ఆ వద్దుకు కారణం పేషెంటు ఒంట్లో ఉందా, ఎదుటి మనిషి పుట్టుకలో ఉందా అన్నదే నేను చూసేది. మాధవి గారి అమ్మగారు అలా బిగుసుకుపోతే పైపు వెయ్యడం కష్టం, గాయం కూడా కావచ్చు. ఆ కుర్రాడి బదులు ఇంకే మగవాడు వచ్చినా ఆవిడ అలాగే ఉండేవారు. అతన్ని తక్కువ చేసిందేమీ లేదు. జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో తయారుచేసిన పేషెంట్ల హక్కుల పత్రంలో, మగ డాక్టరు ఆడ పేషెంటును పరీక్షించేటప్పుడు ఇంకో ఆడమనిషి పక్కన ఉండాలని రాసి ఉంది. అదే పత్రంలో పేషెంట్ల బాధ్యతలు కూడా ఉన్నాయి. డాక్టర్లనీ సిబ్బందినీ సాటి మనుషులుగా గౌరవించాలన్నది వాటిలో ఒకటి. ఆ సగం ఎవరూ చదవరు.

భాష కూడా అవసరమే. ఏజెన్సీ నుంచి ఇక్కడి పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి వచ్చేవాళ్లలో కువి, ఆదివాసీ ఒడియా తప్ప తెలుగు సరిగా రానివాళ్లు ఉంటారు. తమ మాట తెలిసిన సిస్టర్ కావాలంటే తప్పేముంది? ఎక్కడ నొప్పో చెప్పుకోలేకపోతే వైద్యమే జరగదు. మగవాడి చేతిలో హింస పడ్డ మనిషి మగ స్టాఫ్‌ని చూసి వణికితే అదీ మన్నించాల్సిందే.

ఇంకో సంగతి. తుంటి ఆపరేషన్ అయిన పెద్దవాళ్లలో చాలామందికి కొన్నాళ్లు మతి తప్పుతుంది, డెలీరియం అంటాం. సోడియం తగ్గినా, ఇన్‌ఫెక్షన్ ఉన్నా, నిద్ర లేకపోయినా ఎవరినో చూసి ఇంకెవరో అనుకుని అరుస్తారు, కన్నకూతుర్నే తోసేస్తారు. ఆ స్థితిలో వాళ్లన్న మాటలు ఎవరం మనసులో పెట్టుకోం, రక్తపరీక్షకు పంపిస్తాం. తెలివిలో ఉన్న కొడుకు కౌంటర్ దగ్గర నిలబడి అన్న మాటకు ఆ మినహాయింపు లేదు.

పూర్ణామార్కెట్_రాజు

ఇంత పొడుగు రాసినా మత్తు డాక్టరు గారు నిద్రపుచ్చలేదు 🙂 పేషెంటు ఒంట్లోనా, ఎదుటి మనిషి పుట్టుకలోనా. ఇది గుర్తుపెట్టుకుంటాను.

ఓల్డ్‌టౌన్_పంతులు

ఆడవాళ్ల మొహమాటాన్ని ఈ ఊరు ఎప్పుడో మన్నించింది. వన్‌టౌన్‌లో విక్టోరియా ఆసుపత్రిని ఇప్పటికీ ఘోషాసుపత్రి అనే పిలుస్తాం. పరదా పాటించే ఆడవాళ్లు మగ డాక్టరు ముందుకు రాలేక కాన్పుల్లో ప్రాణాలు పోగొట్టుకునే రోజుల్లో అలాంటి ఆసుపత్రులు కట్టారు. లేడీ డాక్టరు కావాలన్న కోరిక వల్ల ఆడవాళ్లు చదువుకుని డాక్టర్లయ్యారు. హిల్డా లాజరస్ గారు 1890లో ఈ ఊళ్లోనే పుట్టి, ప్రసూతి వైద్యురాలై, వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ)కి తొలి భారతీయ డైరెక్టరు అయ్యారు. ఆ కోరిక ఒకరికి దారి తెరిచింది. "ఆ మొహం వద్దు" అనే కోరిక ఎవరికి దారి తెరుస్తుంది? ఉన్నవాళ్లను గెంటెయ్యడానికి తప్ప పనికిరాదు.

ఉక్కునగరం_రావు

పంతులు గారూ, చెప్పింది బాగుంది. కానీ ఎనభై దాటిన మనిషిని ఆసుపత్రి మంచం మీద మార్చగలమా? పైగా మీరంతా నర్సు పక్షాన మాట్లాడుతున్నారు కదా, ఆమెను అదే గదికి పంపి రాత్రంతా చీదరింపులు పడమనడం ఆమెకు మేలా? వేరే ఫ్లోర్‌లో ప్రశాంతంగా పని చేసుకోనివ్వడమే నయం. నేనైతే మా అమ్మాయిని ఆ గదికి పంపను.

నైట్‌డ్యూటీ_సిస్టర్

రావు గారూ, ఆ మాట ఆమెను అడిగి ఉంటే నాకూ అభ్యంతరం లేదు. "నాకొద్దు సిస్టర్, నేను వెళ్లలేను" అంటే నేనే మార్చేదాన్ని. ఆమె "నేను ఉంటాను, తాతగారికి నాలుగింటికి యాంటీబయాటిక్ ఉంది" అంది. ఎవరూ వినలేదు. ఆమెకు మంచిదని మార్చలేదు, గిరాకీ పోతుందని మార్చారు. కొత్త ఫ్లోర్‌లో అందరికీ విషయం తెలిసిపోయింది, ఏం తప్పు చేసిందోనని చూస్తున్నారు. జీతం కొయ్యలేదు, నిజమే గిరి గారూ. పేరు పోయింది.

భీమిలి_రోడ్డు

👆 ఆమెను అడగాలన్నది అసలు మాట.

కంచరపాలెం_కుర్రోడు

మా క్లాసులో నాగాలాండ్ అబ్బాయి ఉండేవాడు. కోవిడ్ టైమ్‌లో ఆటో ఎక్కనిచ్చేవాళ్లు కాదు. కలకత్తాలో అయితే 2020 మేలో ప్రైవేటు ఆసుపత్రుల నుంచి వందమందికి పైగా మణిపూర్ నర్సులు రాజీనామా చేసి ఇళ్లకు వెళ్లిపోయారు. వాళ్లు చెప్పిన కారణాల్లో ఈ వివక్ష కూడా ఉంది. కరోనా పేషెంట్ల దగ్గర నిలబడ్డ నర్సులనే కరోనా అని పిలిచారు. మనకు నర్సులు అత్యవసరమైన రోజుల్లో జరిగింది ఇది.

వైజాగ్_టు_ఇండియానా

ఇక్కడ అమెరికాలో దీనిమీద కోర్టు తీర్పే ఉంది. మా రాష్ట్రంలోనే ప్లెయిన్‌ఫీల్డ్ అనే ఊళ్లో ఒక వృద్ధాశ్రమం. అక్కడుండే ఒకావిడ నల్లజాతి నర్సింగ్ సహాయకులు తనను ముట్టుకోవద్దంది. యాజమాన్యం ఆ మాటను రోజువారీ పని కాగితం మీద అచ్చువేసి సిబ్బంది చేతికిచ్చింది. ఒక నల్లజాతి సహాయకురాలు ఒకరోజు వెళ్తుంటే ఆ పెద్దావిడ లేవలేక నేలమీద పడి ఉంది. లేపాలని ఉన్నా ముట్టుకోకూడదు కదా, తెల్ల సహాయకురాలి కోసం బిల్డింగంతా వెతకాల్సొచ్చింది. అంతసేపూ పెద్దావిడ నేలమీదే.

2010లో ఏడో సర్క్యూట్ అప్పీలు కోర్టు సహాయకురాలి పక్షాన తీర్పిచ్చింది. 1964 పౌరహక్కుల చట్టం ప్రకారం పేషెంటు ఇష్టం పేరుతో యజమాని జాతిని చూసి పని పంచకూడదు. మాధవి గారి ప్రశ్నకు కూడా ఆ తీర్పులో జవాబుంది. ఒంటి మరుగు కోసం ఆడవాళ్లకు ఆడవాళ్లనే వెయ్యడం ఒప్పుకోవచ్చు, జాతికి అలాంటి మినహాయింపు లేదు అంది.

అలాగని పేషెంటును రోడ్డు మీదికి నెట్టరు. ఎమర్జెన్సీలో వచ్చినవాళ్లను పరీక్షించి ప్రాణాపాయం తప్పించాలని 1986 నుంచి చట్టం ఉంది, ఎంత దురుసు మనిషైనా సరే. మన తెలుగు డాక్టర్లకు కూడా "అమెరికా డాక్టర్ని పంపండి" అనే మాట కొత్త కాదు. మా వదిన రెసిడెన్సీలో (డాక్టరు శిక్షణలో) ఒక పేషెంటు నోట ఆ మాట విని కూడా ముందు ఆయన బీపీ చూసి, తర్వాత బయటికొచ్చింది.

లీడ్స్_లలిత

ఇంగ్లండులో 2020 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్‌లో జాతి పేరుతో సిబ్బందిని వేధించే పేషెంటుకు అత్యవసరం కాని వైద్యం నిరాకరించవచ్చు. అంతకుముందు కొట్టబోయినవాళ్లకో, దూకుడుగా మీద పడ్డవాళ్లకో మాత్రమే ఉండేది. ప్రతిచోటా అమలు ఒకలా ఉండదు, ఆరోజు మేనేజరు ఎవరన్నదాన్ని బట్టి ఉంటుంది. కానీ గోడమీద నోటీసు ఉంటే నర్సుకు మాట్లాడే ధైర్యం వస్తుంది.

గాజువాక_గిరి

అమెరికా, ఇంగ్లండు సరే. అక్కడిది జాతి గొడవ, మన దగ్గర తెలుపు నలుపు లేదు కదా.

అరకు_లోయ_జీఎన్‌ఎం

గిరి అన్నయ్యా, నేను చెప్తాను. నాది అరకు దగ్గర ఊరు, ఎస్టీని. జీఎన్‌ఎం అనే నర్సింగ్ కోర్సు చదివి నగరంలో ఇళ్లకు హోమ్ నర్సుగా వెళ్తున్నాను. తలుపు తీయగానే అడిగే మొదటి మాట నా చదువు గురించి కాదు. "మీరెవరట్లు?" అని, అంటే ఏ కులమని. ఒక్కోసారి "మీ ఊరేది" దగ్గర మొదలుపెట్టి ఇంటిపేరు దాకా లాగుతారు.

ఒక ఇంట్లో పక్షవాతం వచ్చిన పెద్దావిడను చూసుకునేదాన్ని. నడుం కింద పడక పుండు పడి లోతుగా ఉండేది. రోజూ సెలైన్‌తో కడిగి, చచ్చిన చర్మం చూసుకుని, గాజ్ (పల్చటి కట్టు) గుడ్డ పెట్టి కట్టు కట్టేది నేను. గంటగంటకూ కాదు గానీ రెండు గంటలకోసారి పక్కకు తిప్పేదాన్ని, రాత్రి కూడా. పుండు మానింది. ఆ ఇంట్లో నా కంచం, గ్లాసు బాల్కనీలో వాషింగ్ మెషీన్ మీద విడిగా ఉండేవి. వాటర్ ఫిల్టరు కుళాయి నేను తిప్పకూడదు, కోడలు వచ్చి పైనుంచి పొయ్యాలి. ఆవిడ పుండు ముట్టుకోవచ్చు, కుళాయి ముట్టుకోకూడదు.

పెద్దావిడకు మాత్రం నేనే కావాలి. సెలవు పెడితే అన్నం తినేది కాదు. అందుకే పేషెంటు ఇష్టం, పేషెంటు ఇష్టం అని రాస్తుంటే నాకు కోపం వస్తోంది. చాలాచోట్ల అది పేషెంటు ఇష్టం కాదు.

మురళీనగర్_మాధవి

అరకు చెల్లెమ్మా, ఇది చదివి చాలాసేపు ఏం రాయాలో తెలియలేదు. ఆ పుండు మాన్పింది నువ్వు. ఎవరేమన్నా ఆ చదువు నీది, ఆ చెయ్యి నీది.

పూర్ణామార్కెట్_రాజు

తెలుపు నలుపు లేదన్న మాటకు జవాబు దొరికిందనుకుంటా గిరి అన్నా. ఆసుపత్రి బోర్డు మీద డాక్టర్ల ఇంటిపేర్లు చూసి "మనవాళ్లేనా" అని గుసగుసలాడని కుటుంబం ఉందా చెప్పండి.

గాజువాక_గిరి

అరకు చెల్లీ, నీ కంచం సంగతి ఘోరం. దాన్ని నేను సమర్థించను. కానీ మనవాళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లడం వేరు. నమ్మకం ఉన్నచోటికి వెళ్తాం, అది ఎవరినీ అవమానించడం కాదు.

మత్తు_డాక్టరు

ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాలన్నది మీ ఇష్టం, దాన్ని ఎవరూ ఆపలేరు గిరి గారూ. అది మంచిదని మాత్రం నేననను. అదే నమ్మకంతో గుండె ఆపరేషన్‌కి సరైనవాళ్లను వదిలి బంధువుల బంధువుల దగ్గరికి వెళ్లినవాళ్లను చూశాను. అయితే ఆసుపత్రిలో చేరాక, డ్యూటీలో ఉన్న మనిషిని కులం చూసి తప్పించమంటే అప్పుడు ఆ పని చేసేది మీరు కాదు, ఆసుపత్రి. ఇండియానా తమ్ముడు చెప్పిన తీర్పులో అసలు విషయం అదే. పేషెంటు మనసులో ఏముందో దానికి కోర్టు శిక్ష వెయ్యలేదు. దాన్ని కాగితం మీద పెట్టి అమలుచేసిన యాజమాన్యాన్ని తప్పుపట్టింది.

మధురవాడ_లాయరు

మన చట్టం గురించి అడుగుతారని చూస్తున్నా, ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెప్తాను.

ప్రైవేటు ఉద్యోగంలో వివక్షను సూటిగా నిషేధించే అమెరికా 1964 చట్టంలాంటిది మనకు లేదు. అంటరానితనం ఏ రూపంలో ఉన్నా రాజ్యాంగం 17వ అధికరణం నిషేధించింది. ఎస్సీ, ఎస్టీ మనిషిని నలుగురిలో కావాలని అవమానిస్తే, కులం పేరుతో తిడితే, 1989 అత్యాచారాల నిరోధక చట్టం 3(1)(ఆర్), 3(1)(ఎస్) కింద కేసు అవుతుంది. వార్డులో నలుగురూ ఉంటారు కాబట్టి అక్కడ నిలబడే అవకాశం ఉంది. ఇంటి నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేని చోట అన్న మాటకు ఆ అవమానం సెక్షన్ వర్తించదని 2020లో హితేష్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అరకు అమ్మాయిలాంటి హోమ్ నర్సులకు దెబ్బ తగిలేది సరిగ్గా ఇక్కడే.

ఈశాన్య రాష్ట్రాలవాళ్ల విషయం. 2014లో ఢిల్లీలో అరుణాచల్ విద్యార్థి చనిపోయాక కేంద్రం బెజ్‌బరువా కమిటీ వేసింది. జాతి పేరుతో అవమానించడాన్ని నేరంగా చూసే ప్రత్యేక సెక్షన్ కావాలని ఆ కమిటీ సూచించింది. ఇక మన రాష్ట్రంలో వైద్య సిబ్బంది మీద దాడులకు 2008 చట్టం ఉంది, మూడేళ్ల వరకు జైలు, యాభై వేల వరకు జరిమానా. బెదిరించినా, విధులకు అడ్డుపడినా అది వర్తిస్తుంది. "మాకిష్టం లేదు" అని నెమ్మదిగా చెప్పినవాడి మీద పనిచెయ్యదు.

సిస్టర్ గారూ, మీకు నా సలహా. రోస్టర్‌లో "పేషెంటు కోరిక" అని రాయకండి. ఎవరు అడిగారు, ఏ మాట అన్నారు, పని మీద ఫిర్యాదు ఉందా లేదా, మార్చమని ఎవరు చెప్పారు, ఇవి ఉన్నవి ఉన్నట్టు రాయండి. ఒక ఫొటో మీ దగ్గర ఉంచుకోండి, పేషెంటు పేరు పడకుండా.

నైట్‌డ్యూటీ_సిస్టర్

రాశాను లాయరు గారూ. "పేషెంటు కుమారుడి కోరిక. పనిపై ఫిర్యాదు లేదు. ప్రాంతం కారణంగా." ఫోన్ చేసిన అధికారి హోదా కూడా వేశాను. నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్ చూసి ఏమీ అనకుండా సంతకం పెట్టారు. ఇప్పుడు మేనేజ్‌మెంట్ ఏమంటుందోనని టెన్షన్‌గానే ఉంది.

డాబాగార్డెన్స్_బాబు

గట్టి మనిషివి సిస్టర్. ఆ మేడమ్‌కి కూడా దండం.

ఉక్కునగరం_రావు

ఆ అమ్మాయి ఉంటానందన్న సంగతి తెలిశాక నా మాట అక్కడికి వర్తించదు. కానీ చావుబతుకుల్లో ఉన్న పేషెంటు విషయంలో మాత్రం నేను అదే అంటాను, ముందు ప్రాణం, తర్వాతే ఈ చర్చ.

మత్తు_డాక్టరు

దానితో ఎవరికీ పేచీ లేదు రావు గారూ. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఎవరు దగ్గరుంటే వాళ్లు చేస్తారు, అది కూడా కొడుకు ఇష్టాన్ని బట్టి ఆగదు.

బ్యూరో_ప్రసాద్

నర్సింగ్ బ్యూరో నడుపుతాను, నావైపు నుంచి కూడా వినండి. ఫోన్ చేసేవాళ్లలో చాలామంది కులం అడుగుతారు. "ఫలానా వాళ్లు వద్దు, వంటింట్లోకి రావాల్సొస్తుంది" అని చెప్తారు. కాదంటే ఇంకో బ్యూరోకి చేస్తారు. మా అమ్మాయిలకు పని దొరకాలి, నేను ఆఫీసు అద్దె కట్టాలి. చెప్పడం తేలికే.

అరకు_లోయ_జీఎన్‌ఎం

ప్రసాద్ గారూ, మీకు పోయేది ఒక గిరాకీ. మాకు రిజిస్టర్‌లో పేరు పక్కన కులం రాసుకుని, అది అడగని ఇల్లు వచ్చేదాకా కూర్చోబెడతారు. అలా కూర్చున్న రోజులకు డబ్బులెవరిస్తారు?

బ్యూరో_ప్రసాద్

నా రిజిస్టర్‌లో కులం గడి లేదమ్మా. ఉన్న బ్యూరోలు ఉన్నాయి, ఒప్పుకుంటాను. ఇళ్లవాళ్లతో మేము సంతకం చేయించే ఒప్పందం కాగితం ఒకటుంటుంది. దానిలో ఏమైనా రాయించవచ్చంటే నేను సిద్ధం. లాయరు గారు మాటలు చెప్తే వేయిస్తాను.

మధురవాడ_లాయరు

ఇలా వేయించండి. "కేర్‌టేకర్ అర్హత, అనుభవం, భాష, ఆడ మగ విషయంలో కుటుంబం కోరిక చెప్పవచ్చు. కులం, మతం, ప్రాంతం, రంగు కారణంగా మార్పు కోరితే బ్యూరో మార్చదు, ఆ నెల అడ్వాన్సు తిరిగి ఇవ్వదు. కేర్‌టేకర్‌కు ఇంట్లోవాళ్లు తాగే నీళ్లు, తినడానికి శుభ్రమైన చోటు ఇవ్వాలి." ఒప్పందం ఉల్లంఘించారని చెప్పడానికి నలుగురిలో జరగాల్సిన పని లేదు.

గాజువాక_గిరి

మరి మనిషి నిజంగానే పని సరిగా చెయ్యకపోతే? మందులు మర్చిపోతే, ఫోన్ చూస్తూ కూర్చుంటే? మార్చమంటే కులం చూసి అంటున్నావని మామీద పడితే ఎలా? ఇది కూడా జరుగుతుంది కదా.

మధురవాడ_లాయరు

న్యాయమైన ప్రశ్న. పని మీద ఫిర్యాదైతే తేదీ, ఏ మందు, ఏ పూట అని రాసివ్వండి, బ్యూరో మార్చి తీరాలి. అదీ చేరుస్తాను. "నచ్చలేదు" అని ఊరుకుంటే మాత్రం కుదరదు.

అరకు_లోయ_జీఎన్‌ఎం

బాత్రూం సంగతి కూడా రాయండి లాయరు గారూ. పన్నెండు గంటల డ్యూటీలో ఇంట్లో బాత్రూం వాడనివ్వకుండా కింద వాచ్‌మన్ గదికి పొమ్మనే ఇళ్లున్నాయి. అయిదో అంతస్తు నుంచి దిగి వెళ్లేలోపు పేషెంటు మంచం మీంచి పడితే ఆ తప్పూ మామీదే వేస్తారు.

మధురవాడ_లాయరు

రాశాను. నీళ్లు అన్న చోట "నీళ్లు, ఇంట్లోని బాత్రూం" అని మార్చాను. ప్రసాద్ గారూ, అచ్చుకు ఇచ్చేముందు ఒకసారి నాకు చూపించండి.

బ్యూరో_ప్రసాద్

సోమవారం ప్రెస్‌కి ఇస్తాను. తెలుగులోనే వేయిస్తాను, ఇళ్లవాళ్లూ అమ్మాయిలూ ఇద్దరూ చదువుకోవాలి.